కర్ర చూసి కొనాలి.. మిషను తెలిసి పట్టాలి

అమలాపురం: కోతలు, నూర్పిళ్ళు ముగిసి పొలం పనులు తెరిపి ఇచ్చిన రోజుల్లో పీట, బల్ల, మంచం వంటివి సొంతంగా చేసుకునే సరదా కోనసీమ గ్రామాల్లో చాలామందికి ఉంది. పెరట్లోని పనసో, గాలివానకు పడిన వేపో కోయిస్తే ఇంటికి కావలసిన సామాను అమరుతుంది. నాలుగు డబ్బులు మిగులుతాయి. కాని తొందరపడినవారు రెండు విధాల నష్టపోతున్నారు. పచ్చి కర్రతో చేసిన బల్ల ఏడాది తిరగకుండా మెలి తిరుగుతోంది. అజాగ్రత్తగా పట్టిన మిషను వేలు తీసుకుపోతోంది. బల్ల పోతే మళ్ళీ చేసుకోవచ్చు. వేలు పోతే తిరిగి రాదు.

ఏ పనికి ఏ కర్ర?

చేవ తేరిన టేకుకు చెద తొందరగా పట్టదు, పలక పెద్దగా వంకర పోదు. అయితే ధర ఎక్కువ. దాని తర్వాత చెప్పుకోదగినది పనస. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు రంగు తిరుగుతుంది. పీటలకు, పెట్టెలకు, బల్లలకు బాగుంటుంది. వేపకు పురుగు బాధ తక్కువే గాని, నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది గనుక చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు లేస్తాయి. మామిడి చవక, వెడల్పు పలకలు వస్తాయి. కాని తడి తగిలితే పుచ్చుతుంది, పురుగు తొలుస్తుంది. ముదురు కొబ్బరి చెట్టుకు పై భాగమే గట్టిది, లోపలిది మెత్తన. అది రంపం పదును కూడా త్వరగా తినేస్తుంది.

చెట్టు ఏదైనా లోపలి చేవకే బలం. అంచున ఉండే తెల్లచెక్కలో పిండి పదార్థం ఉంటుంది. పురుగు ముందుగా పట్టేది దానికే.

పలక కొనేటప్పుడు ఒక చివర కంటికి ఆనించి రెండో చివరి దాకా చూడాలి. వంకర ఉంటే తెలిసిపోతుంది. సన్నని బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనబడితే లోపల పురుగు ఉన్నట్టే. చెట్టు నడిమి బెండు ఉన్న పలక ఆరేటప్పుడు చీలుతుంది. కదిలే ముడులున్నది కాళ్ళకు పనికిరాదు.

లెక్క కూడా తెలిసి ఉండాలి. అడుగుల పొడవును, అంగుళాల వెడల్పుతో, అంగుళాల మందంతో హెచ్చవేసి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 6 అడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక అర ఘనపుటడుగు అన్నమాట. సొంత పొలంలోని టేకైనా సరే, నరికే ముందు, తరలించే ముందు అటవీ శాఖ వారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఆరనిదే పని మొదలుపెట్టరాదు

కోసిన పలకలను నీడలో, నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం ఉన్న పుల్లలు పెట్టి పేర్చాలి. చివర్లకు రంగు పూస్తే బీటలు తగ్గుతాయి. పైన బరువు పెట్టాలి. అంగుళం పలక ఆరడానికి కూడా కొన్ని నెలలు పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి సులువు ఉంది. అదే కర్ర ముక్కను వారానికోసారి తూచాలి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

పాత పెంకుటిళ్ళ దూలాలు బాగా ఆరి ఉంటాయి. వాటిలో మేకులు దాగి ఉంటాయి. అయస్కాంతం ఆడించి చూసి, ఊడదీశాకే రంపం పెట్టాలి.

పదును లేని ఉలే ప్రమాదం

మొద్దు ఉలి చేతిని కోయదనుకోవడం పొరపాటు. పదును లేకపోతే బలం ఎక్కువ పెడతాం. అప్పుడే జారుతుంది. ఉలి పట్టినప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ మొనకు వెనకే ఉండాలి. కర్రను కాలితో తొక్కిపెట్టక, బల్లకు బిగించి పని చేయాలి.

కరెంటు మిషన్లతో మరింత జాగ్రత్త అవసరం. ఇనుము కోసే గ్రైండరుకు కర్ర కోసే పళ్ళ బ్లేడు బిగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. గ్రైండరు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. పన్ను కర్రలో ఇరుక్కుంటే మిషను మనిషి మీదికే తంతుంది. కర్రకు కర్ర కట్టరే వాడాలి. దాని కాపు రేకు తీసేయరాదు. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకాలి. భుజాన తువ్వాలు, వేలాడే లుంగీ, చేతికి గ్లవుసులు ఉండరాదు. తిరిగే బ్లేడు వాటిని లాక్కుంటే చెయ్యి కూడా పోతుంది. కళ్ళకు అద్దాలు తప్పవు. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి.

రంపపు పొట్టును కూడా తేలిగ్గా తీసుకోరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్ర దుమ్మును క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ముక్కుకు మాస్కు కట్టుకుని, గాలి ఆడే చోట పని చేయాలి.

వేలు తెగితే..

గాయం మీద పసుపు, కాఫీ పొడి వేయరాదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని మంచు ముక్కల్లో పెట్టాలి గాని, ముక్కను నేరుగా మంచులో వేయరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ వేలు అతికే అవకాశం తగ్గుతుంది.

ఊళ్ళో పెద్ద వడ్రంగి ఉంటే మిషను కొనే ముందు ఆయన దగ్గర నాలుగు రోజులు కూర్చోవడం మేలు. ఆయన ఉలి నూరే తీరు, కర్ర తిప్పి చూసే తీరు గమనించినవారికి చేసిన బల్లా నిలుస్తుంది, చేసిన చెయ్యీ నిలుస్తుంది.