చాసర్ కథలో ప్లేగు గంట

అపోహ: పద్యం చేతిలో ఉంటే చాలు, చరిత్రతో పనేముంది?

వాస్తవం: పద్నాలుగో శతాబ్దపు ఆంగ్లకవి జెఫ్రీ చాసర్ ‘కాంటర్‌బరీ కథలు’లో పాపక్షమా పత్రాలు అమ్ముకునే ఒకడు చెప్పే కథ చూడండి. ముగ్గురు తాగుబోతులు పానశాలలో ఉండగా బయట శవయాత్ర గంట మోగుతుంది. పోయినవాడు తమ నేస్తమే. వాణ్ణి చంపింది ‘మృత్యువు’ అనే దొంగ అని తెలిసి, ఆ దొంగ అంతు చూస్తామని లేస్తారు. దారిలో చెట్టు కింద బంగారం కనిపిస్తుంది. దానికోసం ఒకరినొకరు చంపుకుంటారు.

ఇంతవరకే చదివితే పిల్లల నీతికథ. కానీ 1348లో ఇంగ్లండులో అడుగుపెట్టిన ప్లేగు రెండేళ్లు తిరక్కుండానే జనంలో మూడోవంతుకు తక్కువ కాకుండా పొట్టన పెట్టుకుంది. 1361లో మళ్లీ వచ్చింది. మొదటిసారికి చాసర్ పసివాడు, రెండోసారికి యువకుడు. ఆ గంట ఆనాటి శ్రోతలు తమ వీధుల్లో విన్నదే. మృత్యువును వెతికి చంపుతామనే తాగుబోతుల ప్రగల్భం వాళ్లకు నవ్వుతోపాటు వణుకూ పుట్టించి ఉండాలి.

ఇక కథ చెప్పేవాడి సంగతి. పంది ఎముకలు చూపించి పుణ్యపురుషుల అస్థికలని నమ్మించి డబ్బు గుంజే రకం. దురాశ పాపమని బోధించేది అతనే! 1378 నుంచి రోములో ఒక పోపు, అవిన్యోన్‌లో ఇంకో పోపు ఉన్న రోజులవి. చర్చి పేరు చెప్పి సాగే వ్యాపారం జనం కళ్లముందే ఉంది. ఇది తెలియకపోతే చాసర్ వెటకారంలో సగం మనకు అందదు.

అపోహ: ఇది అచ్చంగా ఇంగ్లీషువాళ్ల కథ.

వాస్తవం: కాదు. ధనం కోసం దొంగలు ఒకరినొకరు చంపుకోవడం, చివరికి మిగిలినవాడు విషం కలిపిన అన్నం తిని చావడం బౌద్ధుల వేదబ్భ జాతకంలోనే ఉంది. తెలిసినంతలో ఈ కథకు అదే అతి పాత రూపం.

అపోహ: ఇంగ్లండులో ఇంగ్లీషు మొదటినుంచీ రాచభాషే.

వాస్తవం: 1066లో నార్మన్లు గెలిచాక దర్బారులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్ ఏలాయి. కోర్టు వాదనలు ఇంగ్లీషులో సాగాలన్న చట్టం 1362లో గానీ రాలేదు. చాసర్ మిత్రుడు జాన్ గోవర్ మూడు భాషల్లోనూ కావ్యాలు రాశాడు. అలాంటి రోజుల్లో చాసర్ ఇంగ్లీషునే పట్టుకోవడం చిన్న తెగింపు కాదు.

అపోహ: చాసర్‌కు ఛందస్సు మీద పట్టు లేదు.

వాస్తవం: ఈ నింద వేసింది సామాన్యుడు కాదు, ఆంగ్లకవి డ్రైడెన్. చాసర్ పాదాలు చాలా కుంటుతున్నాయని 1700లో రాశాడు. చాసర్ కాలంలో మాటల చివర పలికిన ‘e’ అక్షరం తర్వాత మూగబోయింది. అచ్చుల ఉచ్చారణ కూడా మారిపోయింది. పాత పలుకుబడితో చదివితే లయ చక్కగా కుదురుతుంది. ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులారా, గైడు తెరిచేముందు ఆ పాత ఉచ్చారణలో చదివిన రికార్డింగు ఒక్కటి వినండి.