ఓటు అనే సాక్ష్యం

ఎన్నికలు దగ్గరపడగానే మన మొహల్లాలలో, చాయ్ హోటళ్ళలో కొన్ని మాటలు తప్పక వినిపిస్తాయి. "ఎవరొచ్చినా మన బతుకులు ఇంతే." "రాజకీయం మురికిగుంట, దీన్‌దార్ మనిషికి అందులో పనేమిటి?" "నా ఒక్క ఓటుతో ఏమౌతుంది?" "వాళ్ళెలాగూ తినేవాళ్ళే, వాళ్ళిచ్చింది మనం పుచ్చుకుంటే తప్పా?" "ఎట్టివాడైనా మనవాడు, వేయక తప్పుతుందా?" ఈ మాటలు వేరువేరుగా కనిపించినా వీటి వెనుక ఉన్న భావం ఒక్కటే. ఓటు నా సొత్తు. దానిని వాడుకుంటాను, పారవేస్తాను, అమ్ముకుంటాను, బంధువుకు కానుకగా ఇస్తాను, అడగడానికి మరొకరెవరు అని. చట్టం దృష్టిలో ఓటు హక్కే, సందేహం లేదు. షరీఅత్ దృష్టిలో మాత్రం అది హక్కు కంటే ముందు షహాదత్, అనగా సాక్ష్యం. సాక్ష్యం ఎవరి సొత్తూ కాదు.

ఈ విషయాన్ని ఉర్దూలో విశదంగా చర్చించినవారిలో 'మఆరిఫుల్ ఖుర్ఆన్' వ్యాఖ్యాత ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) ముఖ్యులు. దేవబంద్‌లో పుట్టి, అక్కడి దారుల్ ఉలూమ్‌లో ముఫ్తీగా పనిచేసి, 1948లో పాకిస్తాన్ వెళ్ళిన ఈ పండితుడు సూరా అల్ మాయిదా 8వ ఆయతు వ్యాఖ్యానంలో ఓటుకు మూడు హోదాలున్నాయని వివరించారు. ఒకటి షహాదత్: ఫలానా వ్యక్తి ఈ పనికి సమర్థుడు, నమ్మదగినవాడు అని ఓటరు సాక్ష్యమిస్తున్నాడు. రెండవది షఫాఅత్, అనగా సిఫారసు. మంచి సిఫారసు చేసినవానికి ఆ మంచిలోను, చెడ్డ సిఫారసు చేసినవానికి ఆ చెడులోను భాగముంటుందని సూరా అన్నిసా 85వ ఆయతు తెలుపుతున్నది. మూడవది వకాలత్: తన తరఫున పనిచేయడానికి ప్రతినిధిని నియమించుకోవడం. సొంత వ్యవహారంలో పనికిరాని వకీలును పెట్టుకుంటే నష్టం తన ఒక్కడిది. ఇక్కడ ఆ నష్టం ఊరందరిదీ అవుతుంది. వారు వ్రాసినది వారి దేశ పరిస్థితులను దృష్టిలో పెట్టుకొనే అయినా, ఓటు స్వభావం సరిహద్దు దాటితే మారదు. మూడింటిలో మొదటిదే మూలమని, మిగిలిన రెండూ దానినుండి పుట్టినవేనని ఈ రచయిత అభిప్రాయం. కావున సాక్షికి షరీఅత్ విధించిన నియమాలతోనే మన నిత్యవ్యవహారాన్ని పోల్చి చూద్దాము.

సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపిష్ఠిదని సూరా అల్ బఖరా 283వ ఆయతు హెచ్చరిస్తున్నది. పోలింగు రోజును సెలవుగా భావించి ఇంట్లో పడుకునేవారు ఈ హెచ్చరికను తమకు వర్తింపజేసుకోరు. నా ఒక్కడి వల్ల ఏమౌతుందంటారు. 1989 లోక్‌సభ ఎన్నికలలో మన అనకాపల్లి స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. 2008లో రాజస్థాన్ శాసనసభకు నాథ్‌ద్వారా నుండి పోటీ చేసిన సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఇట్టివి అరుదే, కాదనము. అసలు సాక్షి ఈ లెక్క వేయకూడదు. తన మాటతోనే తీర్పు మారుతుందా లేదా అని చూసి కోర్టుకు వెళ్ళే సాక్షి ఎక్కడా లేడు. 2024 లోక్‌సభ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ఎనభై శాతం దాటగా, హైదరాబాద్ స్థానంలో నూటికి నలభై ఎనిమిది మంది పైచిలుకు మాత్రమే ఓటు వేశారు. 2019లో అక్కడ అంతకంటే తక్కువ. ఈ అంకెలు అన్ని మతాలవారివి కలిపినవి. అయినా ఆ నగరంలో మన సంఖ్య ఎంతో తెలిసినవారికి అందులో మన వాటా ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

మురికి అన్న మాటకు వద్దాము. వీధి కుళాయికి నీరు, ఉర్దూ బడికి పంతులు, ఖబరస్తాన్‌కు ప్రహరీగోడ, అన్నీ ఆ మురికి అనబడే చోటనే నిర్ణయమౌతాయి. మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ క్రింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది 2007లో శాసనసభ చేసిన చట్టం ద్వారా. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288కి 232 ఓట్లతో నెగ్గింది. ఇష్టమైనదైనా, అయిష్టమైనదైనా, చట్టం చేసేవారిని పంపినది ఓటర్లే. చట్టం వచ్చిన తరువాత వీధిలో నిలబడి దుఃఖించే మనిషి పోలింగు రోజున ఎక్కడున్నాడని అడగడం న్యాయమే.

"ఇది ఇస్లామీ వ్యవస్థ కాదు కదా, ఇందులో ఓటు వేయడమేమిటి?" అని భక్తిశ్రద్ధలు గలవారే కొందరు ప్రశ్నిస్తారు. ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. జమాఅతె ఇస్లామీ హింద్ స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో తన సభ్యులను ఓటుకు దూరంగా ఉంచి, 1980లలో ఆ ఆంక్షను తొలగించింది. జమీఅతె ఉలమాయె హింద్ మొదటినుండి ఎన్నికలను సమర్థించింది. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ మొదటి సాధారణ ఎన్నికలలో రాంపూర్ నుండి, 1957లో గుర్‌గావ్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజు కొలువులో ధనాగారం బాధ్యతను తామే అడిగి స్వీకరించినట్లు దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది (12:55). ఆ రాజ్యం ప్రవక్త స్థాపించినది కాదు. ప్రజలకు కరువునుండి రక్షణ కలిగించగల అవకాశం చేతికందినపుడు ఆయన వెనుకకు తగ్గలేదు. ప్రతినిధులను ఎన్నుకోవడమన్నది మనకు పరాయి సంగతి కూడా కాదు. హిజ్రత్‌కు ముందు రెండవ అఖబా ప్రమాణ సందర్భంలో మదీనా నుండి వచ్చిన 73 మంది పురుషులను, ఇద్దరు స్త్రీలను ఉద్దేశించి, మీలోనుండి పన్నెండుగురు నఖీబులను మీరే ఎన్నుకొని ఇవ్వండని దైవప్రవక్త (స) కోరారు. ఎవరెవరో తాము నిర్ణయించలేదు.

ఇక డబ్బు సంగతి. ఇది అందరికీ తెలిసిన రోగం. ఐతే దీనిని మనవారు సమర్థించుకునే తీరు చూడవలసినది. అది లంచం కాదు, హదియా అంటారు. జకాత్ వసూలుకు వెళ్ళి వచ్చిన ఇబ్నుల్లుత్బియ్యా అనే వ్యక్తి కొంత సొమ్మును వేరు చేసి, ఇది నాకు వచ్చిన కానుక అన్నపుడు, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీసిన సంగతి బుఖారీలో ఉంది. పోలింగుకు ముందురోజు రాత్రి తలుపు తట్టి కవరు ఇచ్చిన మనిషి, మామూలు రోజున మన గుమ్మం తొక్కేవాడా? లంచమిచ్చువాడు, పుచ్చుకొనువాడు ఇరువురూ శాపగ్రస్తులని హదీసు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ సైతం ఇద్దరినీ దోషులుగానే ఎంచుతున్నది. ఈ ఒక్క విషయంలో చట్టానికీ షరీఅత్‌కూ వెంట్రుకవాసి తేడా లేదు.

"డబ్బు వాళ్ళదగ్గర తీసుకుంటాం, ఓటు నచ్చినవాడికి వేస్తాం" అనేవారు తమను తాము తెలివైనవారమని అనుకుంటారు. సాక్ష్యం చెప్పడానికి డబ్బు తీసుకొన్నవాడు చివరకు నిజమే చెప్పినప్పటికీ, తీసుకొన్నది హరామే. కొన్నిచోట్ల డబ్బు చేతిలో పెట్టేటపుడు ఖుర్ఆన్ మీద చేయి వేయించి ప్రమాణం చేయిస్తారు. పాపం, ఆ ఇంటి ఆడవాళ్ళు ఆ తరువాత నిద్ర పట్టక ఆలిమ్‌లను అడుగుతుంటారు: మాట తప్పితే ఏమౌతుంది అని. ఇందులో తికమక లేదు. తగనివానికి ఓటు వేస్తానని చేసిన ప్రమాణాన్ని నిలబెట్టుకోకూడదు. ప్రమాణం చేసిన పిమ్మట దానికంటే మేలైనది కనిపిస్తే మేలైనదే చేసి, ప్రమాణభంగానికి కఫ్ఫారా ఇవ్వమన్నారు దైవప్రవక్త (స). ఆ కఫ్ఫారా ఏమిటో సూరా అల్ మాయిదా 89వ ఆయతులో ఉంది: పదిమంది పేదలకు భోజనం పెట్టడం, లేదా వారికి వస్త్రాలివ్వడం, అంతటి శక్తి లేకుంటే మూడు రోజుల ఉపవాసం. తీసుకున్న సొమ్మును ఇచ్చినవానికి తిరిగి ఇవ్వాలి. అది కుదరకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. అమ్ముకొనే పేదవానిని తిట్టడం సులభం. ఒక పూట కూలి కంటే ఎక్కువ సొమ్ము ఎదురుగా నిలిచినపుడు కాదనడం సులభం కాదు. అయిదేళ్ళపాటు అతని గడప దాటిపోయి, ఆ ఒక్క రాత్రి మాత్రమే అతడిని గుర్తుచేసుకొనే మొహల్లా పెద్దలది పెద్ద దోషం. కవరు అందేది కూడా చాలావరకు వారి చేతులమీదుగానే.

డబ్బుకంటే కష్టమైనది "మనవాడు" అన్న మాట. ఎందుకనగా డబ్బు తీసుకొన్నవాడు తప్పు చేశానని లోలోపల ఎరుగును. మనవాడికి వేసినవాడు పుణ్యం చేశానని భావిస్తాడు. సూరా అన్నిసా 135వ ఆయతు ఇక్కడ ఎంత కఠినమైనదో ఆలోచించండి. సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయంగానే చెప్పమన్నది. అల్ మాయిదా 8వ ఆయతు రెండవ వైపునుండి కట్టడి చేస్తున్నది: ఒక జాతిమీద ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదు. అసబియ్యత్ అంటే ఏమిటని అడిగినపుడు, అన్యాయంలో తనవారికి తోడుపడటమని దైవప్రవక్త (స) నిర్వచించారు. తనవారిని ప్రేమించడాన్ని నిషేధించలేదు.

మనలో ఈ అలవాటు పాతుకుపోవడానికి చరిత్రలోనూ ఒక కారణముంది. 1909 మింటో–మార్లే సంస్కరణలతో బ్రిటిష్ ఇండియాలో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. 1946 ఎన్నికలవరకు అదే పద్ధతి. ముస్లిం స్థానంలో ముస్లిమే పోటీ చేసేవాడు, ముస్లింలే ఓటు వేసేవారు, అదీ ఆస్తి లేక చదువు ఉన్న కొద్దిమంది. భారత రాజ్యాంగం 325వ అధికరణం అందరికీ ఒకే ఓటర్ల జాబితా అన్నది; 326వది వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. నిజాం పాలనలో ఉండిన హైదరాబాద్ రాష్ట్రపు సామాన్యుడు 1952లో ఆ హక్కును మొదటిసారి చేతపట్టాడు. జాబితా మారి డెబ్బై ఏళ్ళు దాటినా మన ఆలోచన ఇంకా పాత జాబితాలోనే ఉన్నదనిపిస్తుంది.

అభ్యర్థి ముస్లిమైతే వేయకూడదా? వేయవచ్చు, సమర్థుడు, నిజాయితీపరుడు అయితే సంతోషంగా వేయవచ్చు. చట్టసభలలో మన సంఖ్య తక్కువగా ఉండటం మంచిదని ఎవరూ అనరు. ఐతే ఆ అర్హత ముందు, బంధుత్వం తరువాత. పనికి పెట్టుకోదగినవాడు బలమున్నవాడు, నమ్మదగినవాడు అని హజ్రత్ మూసా (అ) వృత్తాంతంలో ఖుర్ఆన్ రెండే గుణాలు చెప్పింది (28:26). హిజ్రత్ సమయంలో తమ ప్రాణాలు, అబూబక్ర్ (ర) ప్రాణాలు ఎవరి చేతిలో పెట్టి దైవప్రవక్త (స) మదీనా దారి పట్టారు? అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అనే మార్గదర్శి చేతిలో. అతడు అప్పటికి ముస్లిం కాడు. దారి తెలిసినవాడు, మాట తప్పనివాడు.

మిమ్బర్ మీదనుండి ఫలానావారికే ఓటు వేయండని చెప్పించడం కూడా ఈ సందర్భంలోనే వస్తుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రార్థనాస్థలాలలో ప్రచారాన్ని నిషేధిస్తున్నది. మతం పేరిట ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో దీని పరిధిని ఇంకా విస్తృతంగా నిర్వచించింది. చట్టం సంగతి అటుంచినా, సాక్షికి ముందుగా మాటలు నేర్పించి బోనెక్కించడం మస్జిదుకు తగిన పని కాదు. ఖుత్బాలో సాక్ష్యధర్మాన్ని బోధించండి, పేర్లు వద్దు.

తెలియని సంగతికి సాక్ష్యం చెప్పరాదు గనుక, అభ్యర్థిని గురించి తెలుసుకోవడం కూడా విధిలో భాగమే. సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరాలలో ఇచ్చిన తీర్పుల ఫలితంగా ప్రతి అభ్యర్థి తన మీది క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలను ప్రమాణపత్రంలో చూపుతున్నాడు. ఎన్నికల సంఘం వాటిని బహిరంగపరుస్తుంది. పెండ్లి సంబంధానికి పది ఇళ్ళు విచారించే మనం ఈ కాగితం ఒక్కటీ చూడము. ఎవరూ తగరని నిజంగా తోస్తే 2013 తీర్పు తరువాత వచ్చిన 'నోటా' మీట ఉంది. అది ఎన్నికను రద్దు చేయదు, ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. కావున రెండు కీడులలో తేలికైనదానిని ఎంచుకోవాలన్న ఫిఖ్హ్ సూత్రమే ఎక్కువ సందర్భాలలో సరియైనదని నాకు తోస్తుంది.

స్త్రీల విషయం ఒకటి మిగిలింది. ఇంటి యజమాని ఎవరికి చెబితే వారికి వేయడం మన ఇళ్ళలో మర్యాదగా చెల్లుతున్నది. సూరా అల్ ముమ్‌తహినా 12వ ఆయతులో విశ్వాసులైన స్త్రీలు స్వయంగా వచ్చి దైవప్రవక్త (స)కు బైఅత్ చేసే ప్రస్తావన ఉంది; వారి తరఫున భర్తలు చేయలేదు. హజ్రత్ ఉమర్ (ర) అనంతరం ఖలీఫా ఎంపిక బాధ్యత వహించిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) పరదాలోని స్త్రీల అభిప్రాయం సైతం తీసుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. ఓటు రహస్యమైనది. ఎవరికి వేశావని భర్త అడిగినా చెప్పవలసిన అవసరం లేదు.

ఇదంతా జాబితాలో పేరున్నవారికే. 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సవరణలో సుమారు 7.89 కోట్లుగా ఉన్న ఓటర్ల సంఖ్య తుది జాబితా నాటికి 7.42 కోట్లకు దిగింది. మన ఇళ్ళలో తండ్రి మహమ్మద్, కొడుకు మొహమ్మద్, ఆధార్‌లో మరొకటి. కోడలి పేరు చివర బీ, బేగం, బాను ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క తీరు. పేరు తప్పుంటే 8వ నంబరు ఫారం, కొత్తగా చేర్చుకోవాలంటే 6వ నంబరు ఫారం. పద్దెనిమిదేళ్ళ వయసు లెక్కించడానికి 2022 ఆగస్టు నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలు నాలుగూ చెల్లుతాయి. జుమా నమాజు తరువాత మస్జిదు వరండాలో చదువుకున్న కుర్రవాళ్ళు ఇద్దరు కూర్చుని, మొహల్లా జాబితా ముందు పెట్టుకొని ఈ ఫారాలు నింపిపెడితే, రెండు మూడు వారాలలో ఆ పని పూర్తవుతుంది.