మనోవ్యాధులు – సంఘదృష్టి

శరీరమునకు వలెనే మనస్సునకును వ్యాధులు కలుగును. జ్వరమును జ్వరమానిని తెలుపును. విరిగిన ఎముకను ఎక్స్‌రే చూపును. మనోవ్యాధులలో పెక్కింటికి అట్టి సాధనము లేదు. రోగి మాటలను, నడవడిని పరిశీలించి వైద్యుడు నిర్ణయింపవలసియుండును. ఏది సహజము, ఏది వికారము అని విభజించునపుడు శాస్త్రముతోపాటు ఆ కాలపు సంఘాభిప్రాయములును తెలియకయే వచ్చి చేరును. ఇందులకు చరిత్రయందొక నిదర్శనము కలదు.

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఆఫ్రికా సంతతివారు బానిసలై ప్రత్తితోటలలోను, చెరకుతోటలలోను పనిచేయుచుండిరి. వారిలో కొందరు ప్రాణములకు తెగించి ఉత్తరమునకు పారిపోవుచుండిరి. 1851లో న్యూ ఆర్లియన్స్ నగరమునందలి సామ్యూల్ కార్ట్‌రైట్ అను వైద్యుడు ఇట్లు పారిపోవుట యొక మనోవ్యాధి యని వైద్యపత్రికలో వ్రాసెను. పారిపోయిన బానిస, ఉన్మాదము అను అర్థములుగల గ్రీకు పదములను కూర్చి దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరిడెను. యజమాని బానిసను తనతో సమానునిగా చూచినను, క్రూరముగా హింసించినను ఈ వ్యాధి పుట్టునట! కారణము లేక ముఖము ముడుచుకొనువానిని కొరడాతో కొట్టుట దీనికి నివారణోపాయమట!

బానిసత్వమే సహజమని నమ్మిన కంటికి స్వేచ్ఛాకాంక్ష వ్యాధివలె తోచెను. 1865లో రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. ఏ మందును లేకయే పారిపోవలసిన అవసరము తీరిపోయెను.

ఇది కేవలము పాతకాలపు వింత కాదు. 1952లో అమెరికా మనోవైద్య సంఘము ప్రకటించిన వ్యాధుల పట్టికలో స్వలింగానురాగమును చేర్చిరి. 1957లో ఎవెలిన్ హుకర్ అను మనస్తత్వవేత్త, మానసిక పరీక్షల ఫలితములను చూచి అట్టివారిని ఇతరులనుండి నిపుణులైనను వేరుచేయలేరని చూపెను. పరిశోధనలును, ఆ వర్గమువారి నిరసనలును ఫలించి 1973లో సంఘము దానిని పట్టికనుండి తొలగించెను. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు అట్లే చేసెను. మారినది ఆ మనుష్యులు కాదు, వారిని చూచు దృష్టి.

అట్లని మనోవ్యాధులన్నియు కల్పితములని తలపరాదు. తీవ్రమైన క్రుంగుబాటు, ఉన్మాదము మొదలగునవి మనుష్యుని నిజముగా బాధించును. తగిన చికిత్సచే ఉపశమించును. వానిని దాచుటయు తప్పే. బాధను గుర్తించుట వైద్యము. ఇతరులకు నచ్చని నడవడికి రోగమని పేరిడుట వైద్యము కాదు. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము ఈ భేదమును స్పష్టముగా పాటించినది. సంఘమునందు ప్రబలియున్న నీతులకు, ఆచారములకు, మతవిశ్వాసములకు ఒకడు అనుగుణముగా లేడను కారణముచే వానిని మనోరోగిగా నిర్ణయింపరాదని అందు శాసింపబడినది.

కావున తోటివానిని ‘పిచ్చివాడు’ అనుటకు ముందు మనము ప్రశ్నించుకొనవలెను: అతడు బాధపడుచున్నాడా, లేక మనకు నచ్చకున్నాడా? మొదటిదైనచో అతనికి తోడ్పడవలెను. రెండవదైనచో మన దృష్టినే దిద్దుకొనవలెను.