నూగు పూల కుందేటి కొమ్ములు: ఉప్పుగాలిలో ఎట్టా బతికించుకున్నానంటే

మాది చిట్టమూరు. మూడెకరాల వరి, గట్ల మీద కూరగాయలు, రెండు నాటావులు, ఇదీ నా సేద్యం. పోయిన కార్తీకంలో మా పెరట్లో పూసిన ఒక మొక్కను వీడియో తీసి పైన పెట్టాను. పువ్వు బాగానే కనపడింది గానీ, పులికాట్ మీద నుంచి వచ్చే గాలి హోరుకి నా మాటలు సగం వినపడలేదు. అందుకే ఆ మొక్కను ఎట్టా పెంచాలో, నేను యాడ దెబ్బతిన్నానో ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేను చంపిన మొక్క సంగతి

నాలుగైదేళ్ల కిందట మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక చిన్న కుండీ తెచ్చింది. పాండా మొక్క అంట. మడగాస్కర్ దీవి దాని పుట్టిల్లు. ఆకు మందంగా ఉండి, ఒళ్లంతా తెల్లటి నూగు, అంచుల్లో గోధుమరంగు చుక్కలు. ముట్టుకుంటే పిల్లి చెవిని తడిమినట్టే ఉంటుంది. మన రణపాలకు ఇది దగ్గరి చుట్టం, రెండూ కలంచో జాతివే.

నేను ప్రకృతి సేద్యం చేసేవాణ్ణి కదా, చేతిలో జీవామృతం ఉంటే ఊరుకుంటానా? వారానికోసారి పోశాను. మట్టి మీద గడ్డి ఆచ్ఛాదన కప్పాను. ఆశ్వయుజం వానలు మొదలైనా కుండీని ఆరుబయటే ఉంచాను. నూగులో చిక్కిన నీళ్లు ఆరక ఆకులు నల్లబడ్డాయి. పది రోజుల్లో మొదలు మెత్తబడి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది.

ఆ నూగు ఎండదేశం మొక్కకు గొడుగు లాంటిది. ఎండను వెనక్కి కొడుతుంది, ఆకులోని తడిని వేడిగాలికి పోనివ్వదు. మన కోస్తా వానల్లో మాత్రం అదే నూగు తడిగుడ్డ అయి కూర్చుంటుంది. ఆ సంగతి నాకు తెలియలేదు.

అన్నీ పోయినాక చూస్తే, ఎప్పుడో విరిగి కిటికీలో పడిన ఒక్క ఆకు మాత్రం బతికి ఉంది. దానికి ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు. దాని మొదట్లో సన్నటి వేర్లు, ఒక చిన్న పిలక. నేను పోషించింది చచ్చింది, నేను మరిచిపోయింది బతికింది. అదే నాకు మొదటి పాఠం.

ఒక హెచ్చరిక. కలంచో జాతి మొక్కల్లో పశువుల గుండెకు హాని చేసే పదార్థాలు ఉంటాయి. ఇంట్లో ఆవులు, మేకలు ఉన్నవాళ్లు వాటికి అందని చోట పెట్టుకోండి.

పెద్దమ్మ అడిగిన మొక్క

మా పెద్దమ్మ రాపూరు వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఎనభై దాటింది. ఆ పాండా మొక్కను చూసి, "పరదేశం మొక్కకి ఇంత చాకిరీ చేస్తున్నావు, మా కొండకింద కుందేటి కొమ్ములు ఉండేవి. పువ్వుకి నూగుండేది. కరువులో అవి నమిలే మేకల ఎనకాల తిరిగేవాళ్లం. ఒక్కసారి ఆ పచ్చడి తినాలని ఉందబ్బయ్యా" అంది.

లేనిదాన్ని మనవాళ్లు కుందేటి కొమ్ము అంటారు. ఆ మొక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఇప్పుడు దాని పరిస్థితీ అట్టాగే ఉంది. 2022 వేసవిలో పెంచలకోన తిరునాళ్లకు పోయినప్పుడు, పెద్దమ్మ పుట్టింటివాళ్ల చేను గట్ల వెంబడి ఒక పూటంతా వెతికాం. చిన్నప్పుడు గంపలకొద్దీ చూశానన్న చోట బలుసు పొద కింద ఒకే ఒక్క గుబురు దొరికింది. వాళ్ల సొంత చేనే కాబట్టి అడిగి మూడు కొమ్మలు కోసుకున్నాను. వేరును కదిలించలేదు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ఏ మొక్క పీకినా నేరమే, అది గుర్తుంచుకోండి.

ప్రపంచానికి తెలుగు పేరుతోనే తెలుసు

శాస్త్రంలో దీని పేరు కారల్లుమా అడ్సెండెన్స్. ఆ 'కారల్లుమా' మన తెలుగు మాటే. సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడిన కోరమాండల్ తీరం మొక్కల పుస్తకంలో దీన్ని బొమ్మతో సహా చూపించి, తెలుగువాళ్లు దీన్ని 'కారల్లం' అంటారని రాశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఆ మాటనే జాతి పేరుగా పెట్టాడు. పుస్తకాల్లో నిలిచిన ఆ పేరు మన ఊళ్లలో వినపడటం లేదు.

ఇది జిల్లేడు కుటుంబం మొక్క. కానీ తుంచితే జిల్లేడులా తెల్లటి పాలు కారవు. ఆకులు పేరుకి మాత్రమే, లేతకొమ్మ మీద చిన్న పొలుసుల్లా వచ్చి రాలిపోతాయి. నాలుగు పలకల పచ్చటి కాడ, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నటి చివర్లోనే పూలు తలకిందులుగా వేలాడతాయి. పసుపు మీద ఊదా చారలు, రేకుల అంచుల్లో సన్నటి నూగు. గాలికి ఆ నూగు వణుకుతుంటే ఈగలు వచ్చి వాలతాయి. వీడియోలో నాలుగో నిమిషం దగ్గర దగ్గరగా చూపించాను, ఆపి చూడండి.

మట్టి, కుండీ

మాది ఇసుక నేల, పైగా ఉప్పు. నేలలో నాటితే వానాకాలం వేరు కుళ్లుతుందని కుండీల్లోనే పెట్టాను. నేను కలిపిన పాళ్లు ఇవి:

- రెండు పాళ్లు స్వర్ణముఖి ముతక ఇసుక, మూడుసార్లు మంచినీళ్లతో కడిగింది
- ఒక పాలు చిన్న గులకరాళ్లు, ఇటుక ముక్కలు
- ఒక పాలు ఎర్రమట్టి
- కుండీకి ఒక పిడికెడు, ఆరు నెలలు నిలవున్న ఘనజీవామృతం

మట్టి కుండీయే వాడండి. ప్లాస్టిక్‌ది అయితే తడి లోపలే ఉండిపోతుంది. అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం ఉండాలి. గడ్డి ఆచ్ఛాదన వద్దు, దాని బదులు పైన గులకరాళ్లు పరచండి.

పాలేకర్ గారు వాఫస అని చెబుతారు కదా, మట్టి రేణువుల మధ్య గాలీ తేమా సమంగా ఉండాలని. వరిమడిలో నాకు అది నోటిమాటగానే ఉండేది. ఈ మొక్క దగ్గర నిజంగా అర్థమైంది. దీని వేరుకు నీళ్ల కంటే గాలి ముఖ్యం.

కొమ్మ నాటడం

కోసిన కొమ్మను వెంటనే నాటకండి. నీడలో వారం రోజులు పడేయండి. కోత మీద పొర కట్టి గట్టిపడాలి. ఆ తర్వాత అంగుళం లోతున ఇసుకలో గుచ్చి, ఇంకో వారం చుక్క నీళ్లు కూడా పోయకండి. నాలుగు వారాలకు మెల్లగా కదిపి చూస్తే, వేరు పట్టింది నేలను వదలదు. నా మూడు కొమ్మల్లో రెండు పట్టాయి. మూడోది నేను రోజూ పీకి చూసుకుంటూ పోగొట్టుకున్నది.

నీళ్లు, ఎండ

కొండల్లో ఇది పొదల చాటున పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే కాడ ఎర్రబడి ముడుచుకుంటుంది. పొద్దుటెండ చాలు. మా కుండీలు మునగచెట్టు కింద తూర్పు వైపు ఉన్నాయి.

ఈ మొక్క పగలు తన రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అందుకే అంత తక్కువ నీళ్లతో బతుకుతుంది. వేసవిలో పది పన్నెండు రోజులకొక చెంబు, అదీ మట్టిలో వేలు పెట్టి చూసి, లోపల కూడా ఆరిందంటేనే. మా బోరు నీళ్లు ఉప్పు, అందుకే డ్రమ్ములో పట్టిన వాననీళ్లే పోస్తాను. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా ఈశాన్య వానలు కురిసినన్నాళ్లు అసలు పోయను.

జీవామృతం? ద్రవ జీవామృతం మానేశాను. ఏడాదికి రెండుసార్లు పిడికెడు ఘనజీవామృతం, అంతే. ఎక్కువ పెడితే కాడ లావెక్కి మెత్తబడి, చివరికి పగులుతుంది.

మిగ్‌జాం నేర్పింది

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దానికి ముందే మాకు ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. వరి నీళ్లలో ఉంది, ఆవుల కొట్టంలోకి నీళ్లొచ్చాయి. ఆ హడావుడిలో కుండీలు ఎవరికి గుర్తుంటాయి? మూడో రోజు చూస్తే ఒక కుండీ నిండా నీళ్లు, కాడలన్నీ పసుపు తిరిగాయి. రెండోది చూరు కింద ఉండబట్టి సగం మిగిలింది.

అప్పుడు ఒక పని చేశాను, మీకు ఉపయోగపడుతుంది. కుళ్లిన కాడను కింద నుంచి పైకి ముక్కలు కోసుకుంటూ పోయాను. కోతలో గోధుమరంగు చుక్క లేకుండా తెల్లగా, పచ్చగా కనిపించిన చోట ఆపాను. ఆ చివరి ముక్కలకు పొయ్యి బూడిద అద్ది, వంటింటి అటక మీద పదిహేను రోజులు పెట్టాను. అయిదు ముక్కలు. నాలుగు బతికాయి. ఇప్పుడు మా పెరట్లో ఉన్నవన్నీ వాటి సంతానమే.

అప్పటి నుంచి తుపాను కబురు వినగానే కుండీలను పక్కకు వాల్చి పడుకోబెడతాను. మట్టిలో నీళ్లు నిలవవు, గాలికీ విరగవు.

పురుగు, తెగులు

పిండినల్లి కాడ పలకల సందుల్లో చేరుతుంది. పాత పళ్లపొడి బ్రష్షును వేపనూనె, కుంకుడు రసం కలిపిన నీళ్లలో ముంచి తుడిస్తే చాలు, పిచికారీ అక్కర్లేదు. జిల్లేడు మీద కనిపించే పసుపు పేనుబంక పూమొగ్గల మీదకూ వస్తుంది, చేత్తో నలిపేయండి. నత్తలు మాత్రం వానాకాలం రాత్రుళ్లు లేత చివర్లను కొరికేస్తాయి. కుండీలను ఎత్తయిన రాయి మీద పెట్టి, చుట్టూ పొడి బూడిద చల్లుతాను.

మందు మాట, బేరగాళ్ల మాట

దీన్ని నమిలితే ఆకలి, దప్పిక తెలియవని గొర్రెల కాపర్లు ఎప్పటి నుంచో అంటారు. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో యాభై మంది మీద అరవై రోజులు దీని సారంతో చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి గానీ, బరువు తగ్గడంలో ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి దీన్ని నమ్ముకుని షుగరు మాత్రలు మానేసే పని ఎవరూ చేయకండి.

ఈ 'బరువు తగ్గించే మొక్క' అన్న పేరే దానికి గండమయింది. మా చుట్టాల ఊళ్లో కిలోల లెక్కన కొనేవాళ్లు వస్తే, కాపర్లు వేళ్లతో సహా తవ్వి ఇచ్చారంట. కోసుకుంటే మళ్లీ చిగురించేదే. తవ్వితే ఆ గట్టు మీద ఇంకేముంటుంది? వాళ్లను తప్పు పట్టలేను, రోజుకూలి కంటే ఎక్కువ వచ్చింది మరి. మనలాంటివాళ్లు పెరట్లో పెంచి కొమ్మలు పంచితే, కొండ మీద పడి తవ్వే పని ఉండదు కదా అని నా ఆశ.

పచ్చడా, విత్తనమా

2024 కార్తీకంలో మొదటి పూలు వచ్చాయి. అప్పటికి లెక్కబెడితే తొమ్మిది కాడలు. పెద్దమ్మ కళ్లల్లో పచ్చడి కనపడింది. నేను కొయ్యనన్నాను. పూలున్న కాడ కోస్తే విత్తనం ఉండదు. ఇంట్లో అందరూ నామీద లేచారు. "ఆమెకు ఎనభై నాలుగు. వచ్చే ఏడాదికి వాయిదా వేసే వయసేనా?" అంది మా ఆవిడ. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కత్తిపీట తీసుకుని పోతే పెద్దమ్మే ఆపింది. "కాయ పట్టనీ. మా గట్టు మీద ఎవరూ ఆపలేదు, అందుకే పోయింది" అంది.

పూలకు ఈగలు కావాలి కాబట్టి కుండీలను పేడదిబ్బ దగ్గరకు జరిపాను. రెండు పూలకు కాయ పట్టింది. దున్నపోతు కొమ్ముల్లా జంటగా నిలబడ్డాయి. ఆ సంక్రాంతికి పెద్దమ్మ జ్వరంతో మంచం పట్టింది. లేస్తుందో లేదో అనుకున్నాం. నేను ఆ కాయల్ని చూసినప్పుడల్లా తప్పు చేశానేమో అనిపించేది.

ఆమె లేచింది. ఫాల్గుణంలో కాయ పగిలే ముందు దారం చుట్టి ఉంచాను, లేకపోతే జిల్లేడు దూదిలాగే గాలికి ఎగిరిపోతాయి. నలభై గింజలు ఇసుక మీద చల్లితే, వారంలో ఇరవై రెండు మొలిచాయి. పాత గింజ మొలవదు, తీసిన వెంటనే చల్లాలి.

ఆషాఢంలో చిగుళ్లు సాగాక నాలుగు కాడలు కోశాను. పలకల అంచులు గీకి, ముక్కలు చేసి, చింతపండు నీళ్లలో నానబెట్టి, ఎండుమిర్చి, నువ్వులతో వేయించి పెద్దమ్మే దగ్గరుండి రోట్లో నూరించింది. రెండు ముద్దలు తిని, "కొండ చేదు కాదిది, పెరటి చేదు. నీళ్లు ఎక్కువ పోస్తున్నావు" అంది. మూడో ముద్ద పెట్టించుకుంది.

ఇప్పుడు పదిహేను కుండీలున్నాయి. రెండు రాపూరు గట్టు మీదికి, అదే బలుసు పొద పక్కకి, ఈ వేసవిలో తిరిగి తీసుకుపోతాను. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో, ఎక్కడైనా కనిపించిందో వీడియో కింద రాయండి. దొరికితే మాత్రం కొమ్మ కోసుకోండి, వేరు వదిలేయండి.

ఉంటాను.