పురాణ చిత్రం – అచ్చు – అడవి

పౌరాణిక చిత్రంలో ఎవరి కథ ఉందని తెలుసుకుంటే చాలదు. ఆ కథను ఎవరి కళ్ళతో చూశారు, ఎవరి ఇంటి గోడ కోసం గీశారు అనే ప్రశ్నలు కూడా వెయ్యాలి.

ఇంగ్లండులో విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్యకాలం బొగ్గుపొగ కాలం. ఆ పొగలో బతికే పేదల్ని గీసిన చిత్రకారులు లేకపోలేదు. కాని రాయల్ అకాడమీకి 1878 నుంచి 1896 దాకా అధ్యక్షుడుగా ఉన్న లైటన్ వంటివారు గ్రీకు పురాణాలవైపు తిరిగారు. వాటర్‌హౌస్ 1896లో గీసిన ‘హైలస్, జలకన్యలు’ చూడండి. నీళ్ళకోసం వెళ్ళిన యువకుణ్ణి జలకన్యలు కొలనులోకి లాగుతున్నారు. కథ గ్రీకులది, కలువలు నిండిన ఆ కొలను మాత్రం ఇంగ్లండు పల్లెటూరిది. పురాణం పేరు ఉన్నందువల్ల నగ్నత్వం కూడా మర్యాద సంపాదించుకుంది. మాంచెస్టరు గాలరీ 2018లో ఈ చిత్రాన్ని కొద్దిరోజులు తీసివేసినప్పుడు చెలరేగిన వివాదం ఈ చూపు గురించే. ఇటువంటి చిత్రాలకు చెక్కడపు అచ్చులు, తర్వాత ఫొటో అచ్చులు వచ్చి, మధ్యతరగతి ఇళ్ళదాకా ఆ అభిరుచిని మోసుకుపోయాయి.

యూరపు తైలవర్ణ పద్ధతిని మన పురాణాలకు పట్టించినవాడు రవివర్మ (1848–1906). 1894లో ఆయన బొంబాయిలో లితో ముద్రణాలయం పెట్టాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఒకదానిమీద ఒకటి అచ్చువేస్తే తైలచిత్రంలాంటి పటం తయారయ్యేది. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్ళలోకి కూడా దేవుడి బొమ్మ చౌకగా చేరింది. ఇది చిన్న మార్పు కాదు. కాని అదే అచ్చు దేవుళ్ళందరికీ ఒకే మూస ముఖాన్ని, ఒకే జరీచీరను ఖాయం చేసింది.

భద్రాచలం గర్భగుడిలో రాముడికి నాలుగు చేతులు. సీత ఆయన ఎడమతొడపై కూర్చుంటుంది. మన ఇళ్ళలోని పట్టాభిషేక పటంలో రాముడికి రెండే చేతులు. స్థానిక రూపం ఒకటి, అచ్చు రూపం ఒకటి. సీతాపహరణం పర్ణశాలలో జరిగిందనీ, జటాయువు ఏటపాక దగ్గర పోరాడిందనీ ఇక్కడి జనం చెప్పుకుంటారు. జటాయువును రవివర్మ కూడా చిత్రించాడు. అందులో రావణుడు, సీత, జటాయువు ఉన్నారు. అడవిలో బతికే మనిషి ఒక్కడూ లేడు.

ఆ మనిషికి తన బొమ్మలు లేక కాదు. కోయల పడిగె అనే గుడ్డజెండా మీద గోత్రాల గుర్తులు, వీరుల బొమ్మలు ఉంటాయి. దాన్ని విప్పి, డోలు వాయిస్తూ కథ చెప్పేవాడు ఉంటేనే అది మాట్లాడుతుంది. మణుగూరు ప్రాంతపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయ ఇంటిపేర్ల చరిత్రలను నోటితోనే నిలబెట్టాడు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయాడు. అచ్చుపటానికి గాయకుడు అక్కర్లేదు. పడిగెకు గాయకుడు పోతే మిగిలేది గుడ్డే.

కనుక వస్తువు మనదైనంత మాత్రాన చూపు మనదైపోదు. నీడలు, కండలు, దూరం దగ్గరలు సరిగ్గా కుదిరినంత మాత్రాన అది వాస్తవికత కాదు. గోదావరి అడవిని కథలోకి తెచ్చే రచయిత అక్కడి మనుషుల్ని తెరవెనక్కి నెడితే, హైలస్ కొలనునే తెలుగులో మళ్ళీ తవ్వినవాడవుతాడు.