బ్యాటరీకి అగ్నిపరీక్ష

సెల్‌ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, స్కూటర్లో... ఎక్కడ చూసినా లిథియం అయాన్ బ్యాటరీలే. మనింటికి చేరేలోపు వాటిలో కొన్నిటిని కొట్టి, కాల్చి, గడ్డకట్టించి, మేకుతో పొడిచి మరీ చూస్తారు. ఎందుకంత హింస? అన్నిట్లో పాసయ్యాక కూడా ఒక్కోసారి అవి ఎందుకు అంటుకుంటున్నాయి?

వేలెడంత సెల్ అది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. బరువు 50 గ్రాములు కూడా ఉండదు. దాన్ని ఇనుప పలకమీద పడుకోబెడతారు. నడుముకు అడ్డంగా 15.8 మిల్లీమీటర్ల మందమున్న కడ్డీ పెడతారు. రెండడుగుల ఎత్తునుంచి 9.1 కిలోల బరువును దానిమీదకు వదులుతారు. ధబ్! సెల్ నడుం విరుగుతుంది. ఆ తర్వాత ఆరుగంటలపాటు దాన్నే కనిపెట్టుకుని ఉంటారు. మంట రాకూడదు. పేలి ముక్కలు కాకూడదు. వేడి 170 డిగ్రీలు దాటకూడదు. అప్పుడే పాసైనట్టు!

విమానాల్లో, ఓడల్లో పంపే లిథియం బ్యాటరీలకు ఐక్యరాజ్యసమితి పెట్టిన పరీక్షల్లో ఇదొకటి. ఇంకా ఉన్నాయి. 15 కిలోమీటర్ల ఎత్తులో ఉండేంత పల్చటి గాలిలో ఆరుగంటలు ఉంచుతారు. 72 డిగ్రీల వేడిలోంచి తీసి మైనస్ 40 డిగ్రీల చలిలో పడేస్తారు, అలా పదిసార్లు. మూడు దిక్కులా మూడేసి గంటలు కుదిపేస్తారు. 57 డిగ్రీల దగ్గర రెండు కొసల్నీ తీగతో కలిపేసి షార్ట్ సర్క్యూట్ చేస్తారు.

గోడగడియారంలో వేసే సెల్‌కి ఇన్ని కష్టాలు లేవు. దానిలోని రసాయనంలో నీరుంటుంది. లిథియం అయాన్ సెల్‌లో ఉండేది మండే ద్రవం. పైగా ఎక్కువ రకాల సెల్స్‌లో ధనధ్రువం బాగా వేడెక్కితే ఆక్సిజన్‌ను వదులుతుంది. ఇంధనం, ఆక్సిజన్, వేడి... నిప్పు పుట్టడానికి కావలసినవన్నీ ఒకే డబ్బాలో సర్దిపెట్టినట్టన్నమాట. రెండు ధ్రువాల మధ్య అడ్డుగా ఉండేది వెంట్రుక కన్నా పల్చని ప్లాస్టిక్ పొర. అదే సెపరేటర్. దానికి చిల్లు పడిందా... ఇక అంతే సంగతులు!

ఇనుపముద్ద పడింది... ఏమీ కాలేదు!

ఈ బ్యాటరీ కథే మంటలతో మొదలైంది. 1970లలో అమెరికాలోని ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం లోహంతో బ్యాటరీ తయారుచేసేటప్పుడు ప్రయోగశాలలో పలుమార్లు నిప్పంటుకుంది. లిథియం మంటల్ని ఆర్పాలంటే ప్రత్యేక రసాయనాలు కావాలి. చివరికి విసిగిపోయిన అగ్నిమాపక సిబ్బంది, ఇకమీదట ఆ ఖర్చు మీరే భరించాలని హెచ్చరించారట!

జపాన్‌కి చెందిన అకిరా యోషినో లోహాన్ని పక్కనపెట్టి, లిథియం అయాన్లు కర్బన పదార్థంలో దూరి బయటికొచ్చేలా సెల్ తయారుచేశాడు. 1986లో దాన్ని పేలుడు పదార్థాలు పరీక్షించే చోటికి తీసుకెళ్లి, పెద్ద ఇనుపముద్దను మీద పడేశాడు. ఏమీ కాలేదు. లిథియం లోహం ఉన్న బ్యాటరీ మీద అదే ముద్ద పడేస్తే భగ్గుమంది. లిథియం అయాన్ బ్యాటరీ పుట్టింది ఆ క్షణంలోనే అంటాడాయన. లోహం ఎంత ప్రమాదమో మూడేళ్లకే లోకానికీ తెలిసొచ్చింది. 1989లో కెనడా కంపెనీ మోలీ ఎనర్జీ తయారుచేసిన లిథియం లోహపు బ్యాటరీలు జపాన్‌లో ఫోన్లలో అంటుకోవడంతో వాటిని వెనక్కి పిలిపించాల్సివచ్చింది. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2019లో విటింగ్‌హామ్, యోషినో, జాన్ గుడెనఫ్... ముగ్గురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

గీత దాటితే...

ప్రతి సెల్‌కీ కొన్ని లక్ష్మణరేఖలుంటాయి. సాధారణ సెల్‌ని 4.2 వోల్టులకు మించి చార్జ్ చేయకూడదు. చార్జర్ ఆ గీతకు దాదాపు 0.05 వోల్టు అటూ ఇటూలోనే ఆగాలి. దాటితే గ్రాఫైట్‌లో చోటు చాలక లిథియం దానిమీద లోహంలా పేరుకుంటుంది. యోషినో ఏ లోహాన్ని బయటికి పంపాడో అదే దొడ్డిదారిన లోపలికొచ్చినట్టు! సున్నా డిగ్రీల కన్నా చలిలో చార్జ్ చేసినా ఇదే తంతు. అలా పేరుకున్నది సూదుల్లా పెరిగి సెపరేటర్‌ని గుచ్చుతుంది. పోనీ పూర్తిగా ఖాళీ చేస్తే? అదీ ముప్పే. 2.5 వోల్టుల కన్నా బాగా కిందికి దిగితే లోపలి రాగిరేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. నెలల తరబడి డ్రాయర్లో పడేసిన పాతఫోన్‌ని హఠాత్తుగా చార్జింగ్‌కి పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద గీత వేడిది. దాన్ని కనిపెట్టే యంత్రం పనితీరు భలేగా ఉంటుంది. సెల్‌ని మూసిన గదిలో పెట్టి 5 డిగ్రీలు వేడి పెంచుతారు. ఆగుతారు. సెల్ తనంతట తాను వేడెక్కుతోందా అని చూస్తారు. లేదంటే ఇంకో 5 డిగ్రీలు. మళ్లీ ఆగుతారు. నిమిషానికి 0.02 డిగ్రీ చొప్పున పెరిగినా పసిగట్టేస్తుంది ఆ యంత్రం. సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్య గ్రాఫైట్ మీద ఉండే రక్షణపొర విడిపోతూ వేడిని పుట్టిస్తుంది. 130 దాటేసరికి చాలా సెల్స్‌లో సెపరేటర్ కరుగుతుంది. 200 ప్రాంతాల్లో ధనధ్రువం ఆక్సిజన్ వదులుతుంది. అక్కడినుంచి బయటి వేడితో పనిలేదు. వేడి వల్ల రసాయన చర్య, చర్య వల్ల ఇంకా వేడి. ఇంజినీర్లు థర్మల్ రన్‌అవే అంటారు. పగ్గాలు తెంచుకున్న గుర్రమే!

అందుకే ఫోన్ సెల్స్‌ని పరీక్షించేటప్పుడు ఓవెన్‌లో పెట్టి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 130కి చేర్చి, పది నిమిషాలు అక్కడే ఉంచుతారు. ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్స్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటాయి. ఆక్సిజన్‌ని అంత తేలిగ్గా వదలవు. వాటి పైగీత 3.65 వోల్టులే కాబట్టి అదే బరువులో తక్కువ కరెంటు నిల్వచేస్తాయి. మైలేజీ కొంచెం తగ్గినా ఇల్లు భద్రంగా ఉంటుంది కదా!

ఎన్నేళ్లు బతుకుతుంది?

పేలదని తేలితే సరిపోదు, ఎన్నాళ్లు మన్నుతుందో కూడా చూడాలి. చార్జ్ చేయడం, ఖాళీ చేయడం, మళ్లీ చార్జ్ చేయడం. యంత్రాలు రాత్రీపగలూ ఇదే పనిలో ఉంటాయి. కొత్తలో ఉన్న సామర్థ్యంలో 80 శాతానికి పడిపోతే సాధారణంగా దాని ఆయుష్షు తీరినట్టే లెక్క. కానీ పదేళ్లు మన్నే సెల్‌ని పదేళ్లు పరీక్షించి అమ్మలేం కదా. దీనికి కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్ డాన్ ఓ కిటుకు పట్టాడు. ఒకప్పుడు ఆ మోలీ ఎనర్జీలోనే పనిచేశాడాయన! లోపలికి పంపిన చార్జ్‌లో ఎంత తిరిగొచ్చిందో అతి కచ్చితంగా కొలిస్తే కొద్ది వారాల్లోనే సెల్ జాతకం తెలిసిపోతుంది. ప్రతిసారీ 99.9 శాతం వస్తోందనుకోండి, వినడానికి బాగానే ఉంటుంది. వెయ్యిసార్లు అలాగే తగ్గుతూపోతే మిగిలేది 37 శాతమే. 99.99 శాతమైతే 90 మిగులుతుంది. అదే యూనివర్సిటీ ప్రయోగశాలలో ఓ కొత్తరకం సెల్ ఆరేళ్లకు పైగా ఆగకుండా తిరిగి, 20,000 సార్లకు మించి చార్జ్ అయ్యాకగానీ 80 శాతానికి దిగలేదని 2024లో వెల్లడైంది.

పాసైనా ఫెయిలే!

మరి ఇన్ని పరీక్షలున్నా ప్రమాదాలెందుకు? చిక్కంతా ఇక్కడే ఉంది. విరగ్గొట్టి చూసిన సెల్‌ని అమ్మలేరు. అమ్మే సెల్‌ని విరగ్గొట్టి చూడలేరు. పరీక్షలో నెగ్గింది దాని తోబుట్టువు మాత్రమే.

2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకున్నప్పుడు కారణం పట్టుకోవడానికి ఆ సంస్థ 2 లక్షల ఫోన్లనూ 30 వేల బ్యాటరీలనూ పరీక్షించింది. ఒక కంపెనీ బ్యాటరీలో పైమూల ఎలక్ట్రోడ్ వంగింది. మరో కంపెనీ బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మొనలు మిగిలిపోయాయి. డిజైన్ కాగితం మీద ఎంత బాగున్నా ఫ్యాక్టరీలో మిగిలిన ఆ మొన చాలు. బోయింగ్ 787 విమానాల బ్యాటరీ పొగలు చిమ్మే ప్రమాదం కోటి గంటల ప్రయాణంలో ఒకసారైనా రాదని ముందు లెక్కగట్టారు. ఆ విమానాలన్నీ కలిపి లక్ష గంటలైనా తిరక్కముందే 2013 జనవరిలో రెండుసార్లు వచ్చింది!

మన ఇళ్లలోకీ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ తర్వాత కొద్దిరోజులకే విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చనిపోయారు. విజయవాడ కుటుంబం ఆ బండిని కొన్నది ముందురోజే. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు కోల్పోయారు.

వరస ప్రమాదాలతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నర్సింగరావు నాయకత్వం వహించారు. దాని సిఫార్సులతో బండ్ల బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ను 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత కట్టుదిట్టం చేశారు. ఇందులో అసలు మార్పు ఆలోచనలోనే ఉంది. ఏదో ఒక సెల్ ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది, అది పక్కదాన్ని కాల్చకూడదు అన్నది దీని పట్టు. 3 కిలోవాట్అవర్ల స్కూటర్ బ్యాటరీలో వేలెడంత సెల్స్ దాదాపు 280 పడతాయి మరి! అందుకే వాటిమధ్య తగినంత ఎడం ఉండాలి. ఒక్కటి అంటుకున్నా మొత్తం ప్యాక్ మంటల్లో చిక్కకూడదు. వేడెక్కుతుంటే బండి కూతపెట్టాలి. లోపలికి నీళ్లు చొరబడకూడదు. ఎప్పుడు తయారైందో సెల్ మీదే ఉండాలి.

మరి మన చేతిలో ఉన్నదేంటి? చాలా సెల్స్‌ని చార్జ్ చేయడానికి కంపెనీలు చెప్పే పైహద్దు 45 డిగ్రీలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గాలే ఆ వేడిలో ఉంటుంది. అప్పుడే తిరిగొచ్చిన బండి బ్యాటరీ ఇంకెంత కాగి ఉంటుందో చెప్పక్కర్లేదు. అది చల్లారేదాకా, ఓ అరగంటో గంటో ఆగి ప్లగ్ పెట్టడం మేలు. పడగ్గదిలో, గుమ్మానికి అడ్డంగా, మెట్లకింద వద్దు. నిప్పంటుకుంటే పారిపోయే దారి అదే కావచ్చు. పరుపుమీద, దిండుకింద ఫోన్ చార్జింగూ అంతే. బండితో వచ్చిన చార్జర్ పాడైతే సంతలో దొరికే చవకది కాకుండా కంపెనీదే కొనాలి. వోల్టుల గీత దగ్గర ఆపాల్సింది అదీ, ప్యాక్‌లోని ఎలక్ట్రానిక్ కాపలాదారూనే. ఫోన్‌కి కొత్త బ్యాటరీ కొనేటప్పుడు దానిమీద ఐఎస్ 16046 గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఫోన్ వెనకమూత ఉబ్బిందంటే లోపల వాయువులు చేరాయని అర్థం. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఇంకొక్కసారి చార్జ్ చేసి చూద్దాం అనుకోవద్దు. ఆపేసి, కాలే వస్తువులేవీ దగ్గర లేనిచోట ఉంచి, సర్వీస్ సెంటర్‌కో ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకో అప్పగించాలి. చెత్తబుట్టలో వేస్తే దాన్ని నలిపే పరీక్ష మున్సిపాలిటీ లారీలో జరుగుతుంది!