శిక్ష మారింది, దోషం తొలగలేదు: పెల్టియర్ విడుదలకు అర్థమేమిటి?

సుమారు 49 ఏళ్ల నిర్బంధం తరువాత, 80 ఏళ్ల వయసులో లియోనార్డ్ పెల్టియర్ 2025 ఫిబ్రవరి 18న ఫ్లోరిడాలోని కోల్మన్ జైలు నుండి బయటకు వచ్చారు. అమెరికా ఆదివాసీ ఉద్యమకారుడైన ఆయన, తనను బంధించగలిగారే తప్ప తన ఆత్మను లొంగదీయలేకపోయారని పేర్కొంటూ ప్రపంచవ్యాప్తంగా ఉన్న మద్దతుదారులకు కృతజ్ఞతలు తెలిపారు. అది లాంఛనంగా అన్న మాట కాదు. న్యాయస్థానాల్లో దారులన్నీ మూసుకుపోయిన తరువాత ఆయనకు ఆశగా మిగిలింది ఆ మద్దతు ఒక్కటే.

కేసు నేపథ్యం

1975 జూన్ 26న దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ ఆదివాసీ ప్రాంతంలో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ అధికారులు జాక్ కోలర్, రోనాల్డ్ విలియమ్స్‌తో పాటు ఆదివాసీ యువకుడు జో స్టంట్జ్ మరణించారు. ఇద్దరు సహ నిందితుల ఆత్మరక్షణ వాదనను అంగీకరించిన అయోవాలోని జ్యూరీ 1976లో వారిని నిర్దోషులుగా ప్రకటించింది. కెనడాలో పట్టుబడిన పెల్టియర్‌ను అమెరికాకు రప్పించి, 1977లో ఫార్గో నగరంలో విడిగా విచారించారు. అధికారుల హత్య కేసులో ఆయనకు ఒకదాని తరువాత ఒకటిగా అనుభవించవలసిన రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

వివాదం ఎక్కడ?

పెల్టియర్‌ను కెనడా నుండి రప్పించేందుకు ఒక మహిళ ఇచ్చిన ప్రమాణపత్రాలను ఉపయోగించారు. తరువాత ఆమె వాటిని ఉపసంహరించుకున్నారు. తూటాల పరీక్షకు సంబంధించిన ఒక ఎఫ్‌బీఐ పత్రం విచారణ సమయంలో నిందితుని న్యాయవాదులకు అందలేదు. ప్రాణాంతకమైన కాల్పులు జరిపింది ఎవరో తమకు తెలియదని ప్రభుత్వ న్యాయవాదులే అప్పీళ్ల దశలో అంగీకరించారు. అయినా 1986లో అప్పీలు కోర్టు శిక్షను సమర్థించింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జెరాల్డ్ హీనీయే 1991లో క్షమాభిక్షకు అనుకూలంగా లేఖ రాయడం గమనార్హం. అప్పీలు కాలంలో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న జేమ్స్ రెనాల్డ్స్ కూడా 2021లో అధ్యక్షుడు బైడెన్‌కు ఇదే విజ్ఞప్తి చేశారు.

మరోవైపు, విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన తమ సహచరులకు న్యాయం జరగాలంటే పెల్టియర్ జైలులోనే ఉండాలన్నది ఎఫ్‌బీఐ వైఖరి. ఆయన విడుదలను వ్యతిరేకిస్తూ 2000 డిసెంబరులో వందలాది మంది ఎఫ్‌బీఐ సిబ్బంది శ్వేతసౌధం ఎదుట ప్రదర్శన నిర్వహించారు. బుష్, ఒబామా హయాంలలో ఆయన అభ్యర్థనలు తిరస్కరణకు గురయ్యాయి. 2024 జులైలో పెరోల్ కూడా దక్కలేదు.

క్షమాభిక్షకూ దీనికీ తేడా

2025 జనవరి 20న పదవి నుండి దిగిపోయే ముందు బైడెన్ పెల్టియర్‌కు క్షమాభిక్ష ఇవ్వలేదు. మిగిలిన శిక్షను ఇంటివద్దే అనుభవించేలా మార్చారు. పూర్తి క్షమాభిక్ష నేరస్థాపన ఫలితాల నుండి విముక్తి కలిగిస్తుంది. శిక్ష మార్పులో మాత్రం దోష నిర్ధారణ యథాతథంగా నిలిచి ఉంటుంది. భారత రాజ్యాంగంలోని 72వ అధికరణం కింద రాష్ట్రపతికి ఉన్న అధికారాల్లోనూ ఈ రెండింటికీ ఇటువంటి భేదమే ఉంది. అందువల్ల పెల్టియర్ చట్టం దృష్టిలో ఇప్పటికీ దోషియే.

మద్దతు విలువ

నెల్సన్ మండేలా, మదర్ థెరెసా, దలైలామా, డెస్మండ్ టుటు వంటి ప్రముఖులు, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వంటి సంస్థ ఆయన పక్షాన నిలిచారు. ఏటా అమెరికా థ్యాంక్స్‌గివింగ్ రోజున ప్లిమత్‌లో ఆదివాసీలు జరిపే సంతాప దినంలో జైలు నుండి ఆయన పంపిన సందేశాన్ని చదివేవారు. ఈ మద్దతు ఏ తీర్పునూ మార్చలేదు. కానీ మధుమేహంతో, మందగించిన చూపుతో వృద్ధుడైన ఖైదీ పేరు మరుగున పడకుండా కాపాడింది, అధ్యక్షులు మారిన ప్రతిసారీ ఆ అభ్యర్థనను తిరిగి ముందుకు తెచ్చింది. పెల్టియర్ నేడు ఉత్తర డకోటాలోని టర్టిల్ మౌంటెన్‌లో తన వారి మధ్య ఉండగలగడం ఆ పట్టుదల ఫలితమే. తాను నిర్దోషినన్న ఆయన వాదనకు మాత్రం న్యాయస్థానం నుండి ఇంకా ఆమోదం లభించలేదు.